రెండు లివర్ల మధ్య గణపతి గారు

ఎవరు ఏం చెప్పినా ‘ఆయ్’ అనడం గణపతి గారి జబ్బు. రాజోలు నుంచి మలికిపురం వెళ్లే షేరాటోలో ఆ సంగతి గ్రహించడానికి భవానీదేవికి ఎంతోసేపు పట్టలేదు.

ఆటో ఊరు దాటగానే చినుకులు మొదలయ్యాయి. ఒక చివర కూర్చున్న ముసలాయన, జల్లు కొడుతోంది, పరదా దించమన్నాడు. మధ్యలో ఇరుక్కుని ఉన్న బక్కపలచటి మనిషి ‘ఆయ్’ అని దించాడు. ఎదురుగా చేపలగంపతో కూర్చున్న ఆవిడ, గాలాడక ప్రాణం పోతోంది, ఎత్తమంది. ‘ఆయ్’ అని ఎత్తాడు. ముసలాయన మళ్లీ దించమన్నాడు. ఆవిడ మళ్లీ ఎత్తమంది. ఆయన దించుతున్నాడు, ఎత్తుతున్నాడు, మొహంలో విసుగన్నది లేదు. డ్రైవరు అద్దంలోంచి చూసి చూసి, “బాబాయ్, అది పరదా అనుకున్నావా, జెండా అనుకున్నావా?” అన్నాడు. దానికీ ‘ఆయ్’ అనే జవాబు వచ్చింది.

చివరికి ముసలాయనా చేపలావిడా నేరుగా కలబడ్డారు. అప్పుడా బక్కమనిషి చొక్కా జేబులోంచి ఒక ఇత్తడి వస్తువు తీశాడు. బొటనవేలంత గొట్టం. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ ఊపాడు. లోపల ఏదో టిక్కుమంది.

“అమ్మగారి ఒత్తిడే ఎక్కువుందండీ,” అని తీర్పు చెప్పాడు. “పరదా పైనే ఉంటుంది.”

చేపలావిడ గెలిచిన ఆనందంలో తమలపాకు నోట్లో పెట్టుకుంది. ఆ మనిషి మెల్లగా ముసలాయన్ని లోపలికి జరిపి, తాను చివరకి వెళ్లి కూర్చున్నాడు. మలికిపురం వచ్చేసరికి ఆయన వీపంతా ముద్దయిపోయింది. భవాని అదంతా చూసి, పాపం, ఈయనకి స్క్రూ ఎక్కడో వదులైనట్టుంది అనుకుంది.

ఆయన మాత్రం ఆమె ఒళ్లో ఉన్న నల్ల రబ్బరు గొట్టాన్ని చూస్తున్నాడు. అలా చూడ్డంలో తప్పిపోయిన పిల్లని తల్లి చూసినంత ఆర్ద్రత ఉంది.

“హైడ్రాలిక్ ప్రెస్సుదా అండీ?”

“అవునండీ. పీచు ప్రెస్సు. కిందకి దిగడం మానేసింది. గొట్టం మారిస్తే దిగుతుందేమోనని.”

“దిగదండీ,” అన్నాడాయన సంతోషంగా. “జబ్బు గొట్టంలో ఉండుండదు.”

ఇక్కడ ఆయ్ గురించి కొంత చెప్పాలి. గోదావరి పాయలు దాటి ఇటు వచ్చిన పరాయివాడు ముందుగా పొరపాటు పడేది ఆ మాట దగ్గరే. అవునన్నా ఆయ్, వింటున్నానన్నా ఆయ్, మీరన్నది శుద్ధ తప్పు కాని మీరు పెద్దవారు అనడానికీ ఆయ్. కోనసీమలో పుట్టినవాడికి ఇన్ని రకాల ఆయ్‌లూ విడివిడిగా ఉంటాయి, సమయం చూసి తీస్తాడు. గణపతి గారి దగ్గర ఉన్నది ఒకటే రకం. దాన్ని గుళ్లో పులిహోరలాగ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పెట్టేసేవారు. ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లకి ఆయ్ అన్నారు, ఎవరి బండి ముందొస్తే వారింట భోంచేశారు. ఎలక్షన్లప్పుడు ఎదురెదురు పార్టీల జెండాలు రెండూ ఆయన సైకిలుకే కట్టారు. భార్య సూర్యకుమారి గారు వంకాయలు తెమ్మని పంపితే, కూరలమ్మి గట్టిగా అరిచిందని బీరకాయలు తెచ్చేవారు. “బజారుదాకా నా ఒత్తిడి అందడం లేదమ్మా,” అని ఆవిడ ఇరుగుపొరుగుతో వాపోయేది.

జేబులో ఇత్తడి గొట్టానికి ఒక చరిత్ర ఉంది. గణపతి గారు చాలా ఏళ్లు మస్కట్ ఓడరేవులో క్రేన్ల హైడ్రాలిక్కులు చూశారు. అందరూ అక్కణ్ణించి బంగారం తెచ్చుకున్నారు. ఈయన ఒక షటిల్ వాల్వూ, క్రేన్ల హోరుకి సగం మొద్దుబారిన రెండు చెవులూ తెచ్చుకున్నారు. ఆ వాల్వు చప్పుడు వినాలంటే చెవికి ఆనించుకోక తప్పేది కాదు.

ప్రెస్సు చూడ్డానికి వస్తానన్న మనిషి ఆటో దిగి నేరుగా భవాని వాళ్ల యార్డుకి రాలేదు. సెంటర్లో భవానిని నిలబెట్టి, రెండు గోళీ సోడాలు కొట్టించారు. తాగడానికి కాదు, పాఠానికి.

“దీనికి మూతి ఒకటేనండీ. ఈ అడుగున కూడా ఒక మూతి ఉందనుకోండి. గోళీ మటుకు ఒకటే. ఇటునుంచి గట్టిగా తోస్తే గోళీ వెళ్లి అటు మూతి మూసేస్తుంది. అటునుంచి గట్టిగా తోస్తే ఇటు మూసేస్తుంది. మధ్యలో పొట్టకి ఓ గొట్టం ఉంది. ఎవరి ఒత్తిడి ఎక్కువైతే వారి నూనె అందులోకి పోతుంది. అదే షటిల్ వాల్వండీ. ఎంతెంత పెద్ద క్రేన్లో అయినా సరే, గోళీకి సొంత అభిప్రాయం ఉండదు.”

“మీలాగే,” అంది భవాని.

“ఆయ్.”

భవాని వాళ్ల యార్డు కొబ్బరి పీచు యార్డు. భవాని భర్త దుర్గారావూ అతని అన్నయ్యా కువైట్లో ఉండి ప్రెస్సు కొన్నారు. ఇక్కడ నడిపేది వాళ్ల భార్యలు, తోడికోడళ్లు. పెద్దావిడ అచ్చాయమ్మ, చిన్నామె భవానీదేవి. ప్రెస్సుకి ఒక పక్క పీచు నింపుతారు, అక్కడ అచ్చాయమ్మ. రెండో పక్క తాడు బిగించి బేలు కడతారు, అక్కడ భవాని. అటొక లివరు, ఇటొక లివరు. ఎవరు నొక్కినా పైనున్న ఇనపదిమ్మ దిగి పీచుని అణచాలి. బిగించడానికి వచ్చిన ఫిట్టరు ఆ రెండు లివర్ల గొట్టాలనీ కలపడానికి, సంచిలో ఏముంటే అది, మామూలు మూడు మూతుల జాయింటు పెట్టి వెళ్లిపోయాడు.

ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ ఒకేసారి లివరు నొక్కినన్నాళ్లూ ఏ లోపమూ బయటపడలేదు. ఒకరోజు భవాని కువైట్ ఫోను మాట్లాడుతుంటే అచ్చాయమ్మ ఒక్కతే నొక్కింది. దిమ్మ కదలలేదు. ఎందుకు కదుల్తుంది? ఈ లివరు తోసిన నూనె జాయింటు దగ్గర అటు తిరిగి, తెరిచి ఉన్న భవాని లివరు గుండా తిన్నగా ట్యాంకులోకి పోయింది. అచ్చాయమ్మకి జాయింటు కనబడలేదు, భవాని కనబడింది.

“నా లివరు నూనంతా నీ లివరు మింగేస్తోందే,” అంది.

లోకంలో ఇళ్లల్లో జరిగే నిందారోపణల్లో ఇంత కచ్చితంగా యంత్రశాస్త్రానికి సరిపడేది ఇంకొకటి ఉండదు. అదే వాళ్ల కొంప ముంచింది. మాట నిజమే కాబట్టి అచ్చాయమ్మ వెనక్కి తీసుకోలేదు. తాను ఏ పాపమూ ఎరగదు కాబట్టి భవాని ఊరుకోలేదు. నూనె దగ్గర మొదలై కిందటేడు పులసచేప తల ఎవరికి దక్కిందనేదాకా పోయింది, అక్కణ్ణించి మాటలు ఆగిపోయాయి.

గణపతి గారు జాయింటు తీసి కొత్త షటిల్ వాల్వు పెట్టేశారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ప్రెస్సు ఏ లివరుకైనా ఠక్కున దిగుతోంది. పని అయిపోయింది. మనిషి మాత్రం వెళ్లలేదు. గోళీ కొత్తది, నాలుగు రోజులు కనిపెట్టి ఉండాలి అన్నారు.

ఆ యార్డు మోటారు సంగతి చెప్పకపోతే తరవాతి కథ అర్థం కాదు. దాని హోరుకి పక్క దొడ్లో గేదె పాలివ్వడం తగ్గించిందని ఆ ఇంటివాళ్లు తగువుకొచ్చారు. ప్రెస్సుకి అటున్నవాళ్ల మాట ఇటున్నవాళ్లకి వినపడదు, పెదాలు ఆడ్డం కనబడుతుంది అంతే. మాటల్లేని తోడికోడళ్లకి పని జరగాలంటే మధ్యవర్తి కావాలి. స్పానరు పట్టుకుని ఖాళీగా నిలబడ్డ మనిషి దొరికారు.

“అన్నయ్యగారూ, ఆవిడగారితో చెప్పండి,” అని అచ్చాయమ్మ మొదలుపెట్టింది. గోదావరి జిల్లా కోపం కాబట్టి గార్లు ఎక్కడా తగ్గవు. గణపతి గారు ‘ఆయ్’ అని ప్రెస్సు చుట్టూ తిరిగి ఇటు వచ్చి చెప్పేవారు. భవాని చెప్పింది విని, మళ్లీ ‘ఆయ్’ అని చుట్టూ తిరిగి అటు వెళ్లేవారు. నాలుగు రోజులన్నది నెలలయింది. గోళీని కనిపెట్టడం తెమలలేదు. మస్కట్లో ఓడల సరుకు దింపే క్రేన్లు ఒక పూటలో బాగయ్యేవట, మలికిపురంలో పీచు ప్రెస్సు మాత్రం మా ఆయన్ని వదలడం లేదు అని సూర్యకుమారి గారు నవ్వేది. తమ పెరట్లో పనసకాయలు మాయమవుతున్నాయని కూడా అనేది కాని, దాన్నెవరూ ప్రెస్సుతో కలిపి చూడలేదు.

భవానికి ఈయనంటే మొదట్లో జాలి, తరవాత చిరాకు. అటు అచ్చాయమ్మ చేతులు తిప్పుతూ ఏదో అరుస్తుంటే ఈయన తలాడిస్తూ ఆయ్ ఆయ్ అంటున్నట్టు పెదాల్ని బట్టి తెలిసేది. గట్టిగా ఒక్కసారి కాదనొచ్చు కదా. చిత్రమేమిటంటే, అంత ఆర్భాటం తర్వాత ఈయన మోసుకొచ్చే మాట చాలా చిన్నదిగా ఉండేది.

“మీ ముడి బాగా బిగుస్తోందన్నారండీ.”

“అక్క అలా అందా?”

“ఆయ్.”

“అంత సేపు చేతులు తిప్పింది అందుకా?”

“మెచ్చుకోలు ఎక్కువైపోయిందండీ.”

ఒకసారి పనసతొనలు తెచ్చి అక్కగారు పంపారన్నారు. ఒకసారి ముంజలు. భవాని తిన్నది కాని, లొంగలేదు. అక్కకి పీచు నింపడం బొత్తిగా రాదనీ, అంతకన్నా గేదె నయమనీ చెప్పి పంపింది. వెళ్లి చెప్పొచ్చారు. అచ్చాయమ్మ నుంచి తిరిగి ఒక్క శాపనార్థమూ రాలేదు. రాకపోగా భవాని వైపు చూసి తల పంకించింది. మనిషికి వయసు మీద పడుతోంది కాబోలు అనుకుంది భవాని.

అందుకే, అసలు దెబ్బ తగిలినప్పుడు ఆమె సిద్ధంగా లేదు. కువైట్ నుంచి దుర్గారావు ఫోన్ చేసి, వదిన నీ లివరు తీయించేస్తుందట, రేపే, ఒక లివరు చాలునట, ఎందుకొచ్చిన రభస, నువ్వింక ఇంటిపట్టున ఉండు అన్నాడు. చాలా తేలిగ్గా అన్నాడు.

ఆ లివరు భవానికి తేలిక కాదు. పెళ్లయి వచ్చిన ఇంట్లో కుర్చీ దగ్గర్నుంచి గరిట దాకా అన్నీ ఆమెకన్నా ముందొచ్చిన వాళ్లవే. ఆ లివరు ఒక్కటే ఆమె వచ్చాక వచ్చింది, ఆమె చెయ్యే దాన్ని అరగదీసింది. పీచుతాడు అరచేతులు కోసేస్తుంటే ముడి నేర్చుకుంది. లారీవాళ్లు బేలు చూసి ఇది చిన్నమ్మగారు కట్టిందని పోల్చుకునేవారు. లివరు పోతే ఇటు పక్క ఆమె నిలబడడానికి కారణమే ఉండదు.

మర్నాడు గణపతి గారు రావడంతోనే అడిగింది.

“నా లివరు తీసేస్తారా?”

“ఆయ్.”

“తియ్యకండి.”

“ఆయ్.”

“రెంటిలో ఏదండీ?”

ఆయన జేబులోంచి ఇత్తడి గొట్టం తీసి చెవి దగ్గర ఊపుకున్నారు. టిక్. సంచిలోంచి పెద్ద స్పానరు తీసి అచ్చాయమ్మ వైపు నడిచారు. అయిపోయింది, ఎవరి ఒత్తిడి ఎక్కువైతే వారిదే దారి కదా అనుకుంది భవాని. వేసిన ముడే విప్పి మళ్లీ వేసింది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

మోటారు ఒక మూలుగు మూలిగి ఆగింది. యార్డులో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. ఎక్కడో కొబ్బరిమట్ట రాలిన చప్పుడు కూడా వినబడింది. అచ్చాయమ్మ అప్పటికే మాట మధ్యలో ఉంది, మోటారుతో పోటీపడే గొంతు ఆపుకోలేకపోయింది.

“ఇవాళ దాని లివరు ఊడబీకాల్సిందే అన్నయ్యగారూ! నిన్నగాక మొన్నొచ్చి నాతో సమానంగా నిలబడుతుందా? ఇంట్లో కూచుని గోళ్లకి రంగేసుకోమని చెప్పండి ఆవిడగారితో!”

ఆ మాటలు గోడ దాటి రోడ్డు మీదికి కూడా వెళ్లాయి. అచ్చాయమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కాని అప్పటికే ఆలస్యమైంది. భవాని ప్రతి అక్షరమూ విన్నది.

ఆ నిశ్శబ్దాన్ని విననివారు గణపతి గారొక్కరే. మస్కట్ చెవులకి మోటారు ఆగినట్టు తెలియలేదు. ‘ఆయ్’ అని రోజూలాగే ప్రెస్సు చుట్టూ తిరిగి ఇటు వచ్చి, రోజూలాగే మోటారుని మించేలా గొంతెత్తారు.

“అక్కగారు చెప్పమన్నారండీ! ఎండ మండిపోతోందంట! కాసేపు నీడన కూచుని మజ్జిగ తాగమన్నారండీ!”

పక్క దొడ్లో గేదె తలెత్తి చూసింది.

భవాని ఆయన భుజం మీదుగా అచ్చాయమ్మని చూసింది. అచ్చాయమ్మ కూడా చూస్తోంది. భవానికి లోపల ఏదో అర్థమవుతోంది, కాని పూర్తిగా కాలేదు. పరీక్షించి చూడాలనిపించింది.

“అన్నయ్యగారూ,” అంది, ఆయనకి వినబడేంత గట్టిగా, అంటే అచ్చాయమ్మకి శుభ్రంగా వినబడేంత గట్టిగా, “ఆవిడగారి నాలిక కూడా ప్రెస్సులో పెట్టి బేలు కట్టి లారీకి ఎక్కించేస్తానని చెప్పండి.”

“ఆయ్.”

మళ్లీ ప్రయాణం. రెండు జతల కళ్లు ఆయన వెంట ప్రెస్సు చుట్టూ తిరిగాయి. అచ్చాయమ్మ ముందు నిలబడి ఆయన కేక పెట్టారు.

“చిన్నమ్మగారు, మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతున్నారండీ!”

అచ్చాయమ్మ పీచుకుప్ప మీద కూలబడింది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని భవాని రెండడుగులు వేసింది. నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగడం లేదు.

“ఒసే భవానీ,” అంది, నెలల తర్వాత మొదటిసారి పేరు పెట్టి, “నా మోకాళ్లకని నువ్వు కర్పూరం నూనె పంపలేదా?”

“లేదక్కా. నువ్వు నాకు ముంజలు పంపావా?”

“నేనెందుకు పంపుతానే. నిన్ను చూస్తేనే ఒళ్లు మండుతుంటే.”

“పనసతొనలు?”

“నాకూ వచ్చాయి. నువ్వు పంపేవని చెప్పేరు.”

ఇద్దరి పెదాలూ ఆడుతున్నాయి, మధ్యలో తాను లేరు. గణపతి గారికి అనుమానం వచ్చింది. వెళ్లి మోటారు మీద అరచెయ్యి వేసి చూశారు. అది నిలిచి ఉంది. ఆయన మొహం ఇస్త్రీ బట్టలు కాల్చిన చాకలి మొహంలా అయింది.

“ఎప్పుడు పోయిందండీ కరెంటు?”

“మజ్జిగకి ముందే,” అంది భవాని. నవ్వు ఆపుకుని దగ్గరకొచ్చింది. “మీ గోళీ ఎప్పుడూ బలమున్నోళ్ల పక్షమే అనుకున్నానండీ.”

“లేదండీ,” అన్నారాయన. ఆ నోట కాదనే మాట రావడం ఆమె ఎన్నడూ వినలేదు. “దారి బలమున్నోళ్లది. గోళీ మటుకు వెళ్లి రెండో మూతికి అడ్డం కూచుంటుంది. అటు ఒత్తిడి ఇటు పడకుండానండీ. మీరు తిట్లతో ఉతికిన రోజున అటు కూచున్నాను, అక్కగారు ఉతికిన రోజున ఇటు.”

భవానికి షేరాటో గుర్తొచ్చింది. పరదా ఎత్తించుకున్నది చేపలావిడ. ముసలాయన మీద మాత్రం ఒక్క చినుకు పడలేదు.

అచ్చాయమ్మ పీచు దులుపుకుని లేచింది. నవ్వు అయిపోయింది కాని, పెద్దరికం ఇంకా మిగిలుంది. భవానికి చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి, ఆమె వైపు చూడకుండా గణపతి గారితో అంది.

“అన్నయ్యగారూ, ఆ లివరు...”

భవాని కొంగు నడుముకి దోపుకుంది.

“ఆ లివరు బిగుసుకుపోయినట్టుంది, కాస్త గ్రీజు పెట్టండి. రోజూ ఆ చేత్తోనే నొక్కాలి కదా. అలాగని ఆవిడగారితో చెప్పండి.”

గణపతి గారు ఆయ్ అనలేదు. స్పానరు సంచిలో పెట్టుకున్నారు.

“ఆవిడిక్కడే ఉన్నారండీ,” అన్నారు.

అప్పుడే కరెంటు వచ్చింది. మోటారు మళ్లీ అందుకుంది. గ్రీజు డబ్బా ఎక్కడుందని ఒకరు, నువ్వే పోగొట్టావని ఒకరు, చెవుల్లో నోళ్లు పెట్టుకుని అరుచుకోవడం మొదలుపెట్టారు. డబ్బా నుంచి పులసచేప తలకి వెళ్లడానికి వాళ్లకి ఎంతోసేపు పట్టలేదు. కాని, ఈసారి తిట్లు మధ్యలో ఎవరి చేతా వడపోత లేకుండా నేరుగా వెళ్లాయి, నేరుగా తిరిగొచ్చాయి. మధ్యమధ్య ఒకరి చెయ్యి ఒకరి భుజం మీద పడుతోంది, వినబడాలి కదా మరి.

అచ్చాయమ్మ మూడు గ్లాసుల మజ్జిగ తెప్పించింది. మూడో గ్లాసు తీసుకోవడానికి మనిషి లేరు. సంచీ లేదు, గొడుగూ లేదు. చూస్తే గణపతి గారు గేటు దాటి, సెంటరు వైపు రోడ్డంట నడిచిపోతున్నారు. వెళ్లొస్తానన్న ముక్క కూడా లేదు.

“అన్నయ్యగారూ, మజ్జిగ తాగి వెళ్లండి!” అని అచ్చాయమ్మ కేకేసింది.

“అన్నయ్యగారూ, బుధవారం రండి, గోళీని కనిపెట్టాలి!” అని అదే క్షణాన భవాని కేకేసింది.

ఆయన వెనక్కి తిరగలేదు. చెయ్యి చెవిదాకా వెళ్లి, అటొకసారి ఇటొకసారి ఊగింది. మోటారు హోరులో టిక్కు వినబడలేదు. తల మాత్రం ఊపారు, ఇద్దరికీ కలిపి ఒక్కసారే.